ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ నుంచి ఎవరి లాగిన్ వారికి: రాణిగంజ్ షాపు ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

మా షాపు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. పంపు సెట్లు, పైపులు, వాల్వులు, ఫిట్టింగులు అమ్ముతాం, హోల్‌సేలే ఎక్కువ. గోడౌన్ బాలానగర్‌లో. నాన్న, చిన్నాన్న, మేనత్త భాగస్వాములు. బిల్లింగ్ కౌంటర్‌లో ఇద్దరు, అకౌంటెంట్ గారు, గోడౌన్ ఇన్‌చార్జ్, బయట సీఏ గారి ఆఫీసు. బిల్లులు, స్టాకు, లెక్కలు అన్నీ నడిచే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్. ఓపెన్ సోర్స్ కాబట్టి, మన సర్వర్ మీద పెట్టుకుంటే మనిషికింత అని లైసెన్సు కట్టే పని లేదు. అయినా ఇంతమందీ లోపలికి వెళ్తున్నది ఒకే లాగిన్‌తో: అన్ని అధికారాలూ ఉన్న అడ్మినిస్ట్రేటర్. పాస్‌వర్డ్ కౌంటర్ పక్కన క్యాలెండర్ వెనక చీటీ మీద ఉంటుంది.

ఈ వారం ఆ పద్ధతి మా మెడకు చుట్టుకుంది. జనగామ డీలర్‌కి సబ్‌మెర్సిబుల్ పంపులు లారీ ఎక్కాక, వాటి ఇన్వాయిస్ క్యాన్సిల్ అయిపోయింది. సరుకు దారిలో ఉంది, లెడ్జర్‌లో బాకీ లేదు. ఇన్వాయిస్ అడుగున కనిపించే చరిత్ర చూస్తే, అడ్మినిస్ట్రేటర్ క్యాన్సిల్ చేసినట్టు రాసి ఉంది. రాత్రి షాపు కట్టేసే ముందు టైం. అప్పుడు షాపులో నలుగురం ఉన్నాం. నలుగురమూ అడ్మినిస్ట్రేటర్లమే.

అందరి చూపులూ కౌంటర్‌లో పెద్దాయన మీదికి మళ్లాయి. నేను బడికి పోయే రోజుల నుంచీ మా దగ్గర పని చేస్తున్న మనిషి. ఆయన నాతో ఒకటే మాట అన్నాడు: "నేను చెయ్యలేదమ్మా. చెయ్యలేదని ఎట్ల చూపియ్యాలె?"

నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ దగ్గరా లేదు. పాస్‌వర్డ్ పంచుకుంటే తప్పు చేసినవాడు దొరకడన్నది ఒక సమస్య. తప్పు చెయ్యనివాడికి సాక్ష్యం లేకుండా పోతుందన్నది అంతకంటే పెద్ద సమస్య. డీలర్ నిజాయితీగా డబ్బు పంపాడు కాబట్టి లెక్క సరిపోయింది. పెద్దాయన మనసులో పడ్డ ముల్లు మాత్రం అలాగే ఉంది. ఈ పని నేనే చేస్తానని ఇంట్లో చెప్పాను.

జులై, మొదటి శనివారం

కంప్యూటర్ ముట్టుకోలేదు. ఈ వారమంతా నోట్‌బుక్ పట్టుకుని, ఎవరు ఎందుకు అడ్మినిస్ట్రేటర్‌గా వెళ్తున్నారో చూస్తూ కూర్చున్నాను. "అడ్మిన్ లేకపోతే నా పని సాగదు" అని ప్రతి ఒక్కరూ అన్నారు. ఏ పని ఆగుతుందని గుచ్చి గుచ్చి అడిగితే మాత్రం, అందులో ఒక్కొక్కరికి కావలసింది ఒక్కో ముక్కే. అకౌంటెంట్ గారికి తప్పు పడ్డ బిల్లు క్యాన్సిల్ చెయ్యగలగాలి. పాత పార్టీ అప్పు పరిమితి దాటినా సరుకు వదలాలా వద్దా అన్నది అత్తయ్య తేల్చాలి. గోడౌన్ ఇన్‌చార్జ్‌కి బాలానగర్ నుంచి రాణిగంజ్‌కి స్టాకు బదిలీ రాయగలిగితే చాలు. చిన్నాన్నకి రేట్లు మార్చే వీలు ఉండాలి. సీఏ గారి ఆఫీసుకి రిపోర్టులు చూడగలిగితే చాలు, అక్షరం మార్చే అవసరం లేదు. కొత్త యూజర్‌ని చేర్చడం, సెట్టింగులు మార్చడం, బ్యాకప్ చూసుకోవడం, అంటే అసలు అడ్మిన్ పని, నేనూ చిన్నాన్నా తప్ప ఎవరూ చెయ్యడం లేదు.

కాబట్టి అడ్మిన్ అనే ముద్దని విడగొట్టి ఎవరి ముక్క వారికి ఇవ్వాలి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. కంప్యూటర్ భద్రత మీద జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన వ్యాసంలోనే ఉంది: ఎవరికైనా తమ పనికి సరిపడే అధికారమే ఉండాలి, అంతకు మించి కాదు. మనిషికి కాకుండా పాత్రకి అనుమతులు కట్టి, ఆ పాత్రని మనిషికి ఇచ్చే పద్ధతిని డేవిడ్ ఫెర్రాయిలో, రిచర్డ్ కూన్ 1992లో ఒక నమూనాగా రాశారు. ఇవాళ చిన్న షాపుల సాఫ్ట్‌వేర్లలో కూడా రోల్ అంటే అదే.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను, సెట్టింగుల అధికారం ఆయన రోజువారీ లాగిన్‌కి ఉండదని. కంచంలోంచి తల ఎత్తి, "నా షాపుల నాకే తాళం లేదంటవా బిడ్డా?" అన్నారు. కోపం కంటే బాధ ఎక్కువ ఉంది ఆ మాటలో. ఆయన బ్యాంకు లాకరు గుర్తు చేశాను. బంగారం మనదే, అయినా బ్యాంకు వాళ్ల తాళం పడకుండా మన తాళం ఒక్కటే తిరగదు. అందువల్ల మన సొమ్ము మనది కాకుండా పోలేదు కదా. ఆ 1975 వ్యాసంలోనూ రెండు తాళాల సూత్రానికి లాకరునే ఉదాహరణగా చెప్పారు. అత్తయ్య నా వైపు మాట్లాడింది: "ఫోన్‌ల వచ్చిన లింకు ఏదన్నా నొక్కినవనుకో అన్నా, షాపు మొత్తం పోతది. నీకు చూసే హక్కు ఉంటది గదా." నాన్న వెంటనే ఒప్పుకోలేదు గానీ, వద్దని కూడా అనలేదు.

తర్వాతి బుధవారం

బ్యాకప్ తీసి టెస్ట్ సైట్ మీద ఎక్కించాను. పాత్రలన్నీ ముందు అక్కడే. నడుస్తున్న షాపు మీద అనుమతులతో ప్రయోగాలు చెయ్యకూడదు; కౌంటర్‌లో కస్టమర్ నిలబడి ఉండగా "అనుమతి లేదు" అని తెర మీద వస్తే, మళ్లీ చీటీ మీది పాస్‌వర్డే బయటికి వస్తుంది.

రోల్ పర్మిషన్స్ మేనేజర్ తెరిస్తే ప్రతి పత్రానికీ ఒక వరుస టిక్కులు ఉంటాయి: చదవడం, రాయడం, సృష్టించడం, తొలగించడం, సబ్మిట్, క్యాన్సిల్, అమెండ్, ప్రింట్, ఈమెయిల్, రిపోర్ట్, ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, షేర్. సేల్స్ ఇన్వాయిస్ వరుస దగ్గరే ఎక్కువ సేపు కూర్చున్నాను. కౌంటర్ పాత్రకి చదవడం, రాయడం, సృష్టించడం, సబ్మిట్, ప్రింట్ ఇచ్చాను. క్యాన్సిల్, అమెండ్, తొలగించడం, ఎక్స్‌పోర్ట్ తీసేశాను.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చినది సబ్మిట్ పద్ధతి. సబ్మిట్ అయ్యేదాకా బిల్లు డ్రాఫ్టే, ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. సబ్మిట్ అయ్యాక అంకెలు కదలవు. మార్చాలంటే క్యాన్సిల్ చేసి అమెండ్ చెయ్యాలి. అప్పుడు పాత నంబరు చివర -1 చేరి కొత్త పత్రం పుడుతుంది, పాతది క్యాన్సిల్ ముద్రతో అక్కడే ఉంటుంది. అందుకని కౌంటర్‌కి సబ్మిట్ ఇచ్చి క్యాన్సిల్ ఇవ్వకపోతే పని ఆగదు. తప్పు పడితే అకౌంటెంట్ గారిని పిలవాలి, అంతే. ఆయన కూర్చునేది పక్క టేబుల్ దగ్గరే.

ఎక్స్‌పోర్ట్ టిక్కు గురించి మాకు ఎవరూ ఇంతకుముందు చెప్పలేదు. మొత్తం కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ రేటు అన్నది ఒక్క నొక్కుతో ఎక్సెల్‌లోకి దిగుతుంది. హోల్‌సేల్ వ్యాపారంలో ఆ ఫైలే అసలు ఆస్తి. దాన్ని అకౌంటెంట్ గారికి, భాగస్వాములకి మాత్రం ఉంచాను.

అప్పు పరిమితికి విడిగా ఒక పాత్ర తయారు చేశాను, పేరు "అప్పు ఆమోదం". అకౌంట్స్ సెట్టింగ్స్‌లో పరిమితి దాటించగల పాత్ర ఏదో చెప్పే గడి ఒకటి ఉంది, అందులో దీన్ని పెట్టాను. ఇచ్చింది అత్తయ్యకి, చిన్నాన్నకి. కౌంటర్‌లో బిల్లు ఆగితే డ్రాఫ్టుగా ఉంటుంది. అత్తయ్య తన ఫోన్‌లో చూసి తనే సబ్మిట్ చేస్తుంది. కొన్న ధర కంటే తక్కువకి అమ్మితే ఆపే టిక్కు సెల్లింగ్ సెట్టింగ్స్‌లో ఉంటే అదీ పెట్టాను. పాత స్టాకు వదిలించుకోవాలంటే ఎలా అని చిన్నాన్న అడిగారు. ఆ రోజుకి తీసి, పని కాగానే మళ్లీ పెడదామనుకున్నాం.

లష్కర్ బోనాల ఆదివారం

మార్పిడికి ఇదే సరైన రోజనిపించింది. ఉజ్జయిని మహంకాళి గుడి మాకు దగ్గర. రాణిగంజ్ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు, లారీ రాదు, పార్టీ రాడు. పొద్దున అత్తయ్య బోనం ఎత్తింది. మధ్యాహ్నం నుంచి నేనూ చిన్నాన్నా షాపులో షట్టరు సగం దించుకుని కూర్చున్నాం.

అందరికీ వారి వారి పేరుతో యూజర్లు. నాకూ చిన్నాన్నకూ రెండేసి లాగిన్లు: ఒకటి రోజువారీ పనికి, ఇంకొకటి సిస్టమ్ మేనేజర్ పాత్రతో, సెట్టింగుల పని ఉన్నప్పుడు మాత్రమే. ఈ రెండో లాగిన్‌తో బిల్లు కొట్టకూడదని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. సిస్టమ్ మేనేజర్లు ఇద్దరే ఎందుకంటే, ఒక్కరే ఉంటే ఆ మనిషికి జ్వరం వచ్చిన రోజు షాపు ఇరుక్కుంటుంది. నలుగురు ఉంటే మళ్లీ పాత కథే. మా సైజు షాపుకి రెండు సరైన సంఖ్య అని గట్టిగా నమ్ముతున్నాను.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా అందరికీ చెప్పాను. సిస్టమ్ మేనేజర్ తలచుకుంటే తనకి తానే ఏ పాత్రైనా ఇచ్చుకోగలడు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా ఆపలేం. అందుకని యూజర్ రికార్డు సేవ్ అయినప్పుడల్లా నాన్నకీ అత్తయ్యకీ మెయిల్ వెళ్లేలా నోటిఫికేషన్ పెట్టాను. నేను ఏం చేసినా వారికి తెలుస్తుంది.

ఇక అడ్మినిస్ట్రేటర్. ఆ యూజర్‌కి అనుమతుల తనిఖీ ఉండదు, అన్నీ దాటిపోతుంది. దాన్ని తీసెయ్యలేం, తీసెయ్యకూడదు కూడా. పొడవాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద చేత్తో రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట చిన్నాన్న, అత్తయ్య సంతకాలు చేశారు. కవరు నాన్న చేతికి ఇచ్చాను, లాకరులో పెట్టడానికి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే అసలుది నా దగ్గరనే ఉన్నట్టు" అన్నారు. అవును నాన్నా, అసలుది మీ దగ్గరే.

క్యాలెండర్ వెనక చీటీ చింపేశాం.

ఆ వారమే, గురువారం

ఊహించినవి కొన్ని, ఊహించనివి కొన్ని.

కౌంటర్‌లో కంప్యూటర్ ఒకటే, మనుషులు ఇద్దరు. సాయంత్రం రద్దీలో ఎవరు లాగౌట్ అవుతారు? ఒకరి లాగిన్‌లో ఇంకొకరు బిల్లు కొట్టేస్తున్నారు. పద్ధతి గురించి ఎంత చెప్పినా ఆరు గంటలప్పుడు పనికిరాదు. గోడౌన్‌లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ తెప్పించి, ర్యామ్ పెంచి, కౌంటర్ రెండో చివర పెట్టాం. ఖర్చు చిన్నదే గానీ, ఇది లేకుండా మిగతాదంతా కాగితం మీది పాలనే అయ్యేది.

గోడౌన్ ఇన్‌చార్జ్‌కి బాలానగర్ వేర్‌హౌస్ మాత్రమే కనిపించేలా యూజర్ పర్మిషన్ పెడితే, రాణిగంజ్‌కి బదిలీ రాయడం ఆగిపోయింది. కారణం వెతికితే, బదిలీ పత్రంలో చేరే వేర్‌హౌస్ కూడా ఒక గడి. అది ఆయన అనుమతుల్లో లేదు కాబట్టి పత్రం మొత్తాన్నీ తోసేస్తోంది. రెండు వేర్‌హౌసులూ ఇచ్చాను. బదిలీలు జరిగేది ఆ రెండింటి మధ్యే కాబట్టి నష్టం లేదు.

ఇంకొకటి అందరూ గుర్తుంచుకోవాల్సింది: పాత్రలు కూడుకుంటాయి, తీసివేతలు ఉండవు. ఒక మనిషికి రెండు పాత్రలిస్తే రెండింటిలోనూ ఉన్న అనుమతులన్నీ వస్తాయి. అందుకే తయారుగా వచ్చే "మేనేజర్" పాత్రని మర్యాద కోసం ఎవరికీ జోడించకూడదు. హోదా పేరు విజిటింగ్ కార్డు మీద పెట్టుకోవచ్చు.

ఈ-వే బిల్లుది వేరే కథ. రూ.50,000 దాటిన సరుకు కదలాలంటే అది కావాలి. బాలానగర్‌లో లారీ నిలబడి ఉంటుంది, ఓటీపీ చిన్నాన్న ఫోన్‌కి వస్తుంది, చిన్నాన్న బ్యాంకులో ఉంటారు. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ) తప్పనిసరి అని ఈ-వే బిల్లు పోర్టల్ నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ప్రకటించాక ఈ ఫోన్ల పరుగు పెరిగింది. దానికి మందు పోర్టల్‌లోనే ఉంది. మెయిన్ యూజర్ సబ్-యూజర్లని చేర్చవచ్చు, ఎవరు ఏం చెయ్యాలో ఎంచవచ్చు, ఓటీపీ ఆ సబ్-యూజర్ సొంత మొబైల్‌కే వెళ్తుంది. మనిషి మానేస్తే ఆ సబ్-యూజర్‌ని ఫ్రీజ్ చెయ్యవచ్చు. గోడౌన్ ఇన్‌చార్జ్‌కి ఆయన నంబరుతో సబ్-యూజర్ చేశాం. సాయంత్రం ఫోన్ చేసి, "మీ నాయినకి చెప్పమ్మా, ఇయ్యాల బండి ఒక్క నిమిషం ఆగలే" అన్నారు.

ఆగస్టు, జీఎస్‌టీఆర్-1 గడువు ముందు

నెల లెక్క ముగించే పని. జీఎస్‌టీఆర్-1, అంటే నెల అమ్మకాల రిటర్ను, 11వ తేదీకి వెళ్లాలి. రిటర్ను వెళ్లిన నెలలోకి తిరిగి ఎవరూ బిల్లు దూర్చకుండా అకౌంట్స్ సెట్టింగ్స్‌లో ఫ్రీజ్ తేదీ పెట్టాం. ఆ ఫ్రీజ్‌ని దాటి రాయగల మినహాయింపు పాత్ర ప్రస్తుతం ఎవరికీ ఇవ్వలేదు. నిజంగా అవసరమైతే తేదీని వెనక్కి జరిపి, పని చేసి, మళ్లీ ముందుకి జరుపుతాం. ఎందుకో ఇంట్లో వాట్సాప్ గ్రూపులో ఒక లైను రాస్తాం. అకౌంట్స్ మేనేజర్ పాత్ర ఉన్నవారు ఆ తేదీని మార్చగలరు. అందుకే అకౌంటెంట్ గారికి ఆ పాత్ర ఇవ్వలేదు. ముందు ఆయన నొచ్చుకున్నారు. ఇప్పుడు, నెల మూసేశాక అంకె మారితే అడగాల్సింది తనని కాదని ఆయనకే నిశ్చింతగా ఉంది.

సీఏ గారితో మాట్లాడినప్పుడు చట్టం సంగతి వచ్చింది. ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసుకునే చిట్టా) ఆపలేని సాఫ్ట్‌వేరే వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకి వర్తిస్తోంది. మాది భాగస్వామ్య సంస్థ, అది మాకు రాదు. అలాగని వదిలేశారనుకోకూడదు. కేంద్ర జీఎస్‌టీ (సీజీఎస్‌టీ) నియమాల్లో 56వ దాని 8వ ఉపనియమం రిజిస్టర్డ్ వ్యాపారులందరికీ ఉంది: లెక్కలు కంప్యూటర్‌లో ఉంటే, మార్చిన లేదా తొలగించిన ప్రతి ఎంట్రీకీ లాగ్ ఉండాలి. ఆ రికార్డుల్ని వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. లాగ్ మాకు ఇన్నాళ్లూ ఉంది. ప్రతి వరుసలోనూ అడ్మినిస్ట్రేటర్ అన్న ఒక్క పేరే ఉన్న లాగ్. అధికారి అడిగితే అది ఏం చెప్పగలదు?

ఈ వారమే ఒక ఇన్వాయిస్ క్యాన్సిల్ అయింది. చరిత్రలో అకౌంటెంట్ గారి పేరు, సమయం, కింద ఆయన రాసిన వ్యాఖ్య: పార్టీ జీఎస్‌టీ నంబరు తప్పు పడింది. -1 పత్రం పక్కనే ఉంది. కౌంటర్ పెద్దాయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనే తెర మీద చూసి, "ఇప్పుడు పేర్లు వస్తున్నయ్ కదా అమ్మా, మంచిగుంది" అని మళ్లీ బిల్లు కొట్టుకున్నాడు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే.

ఆగస్టు చివర

కౌంటర్‌లో చిన్నతను మానేసి వేరే ఊరు వెళ్లాడు. ఇదివరకైతే పాస్‌వర్డ్ మార్చి అందరికీ మళ్లీ చెప్పాల్సి వచ్చేది, అందుకని మార్చేవాళ్లమే కాదు. ఇప్పుడు అతని యూజర్‌లో ఎనేబుల్డ్ టిక్కు తీశాను, అయిపోయింది. యూజర్‌ని డిలీట్ చెయ్యలేదు. అతను కొట్టిన బిల్లుల మీద అతని పేరు ఉండాలి.

రెండంచెల లాగిన్‌ని పాత్రని బట్టి పెట్టవచ్చు, రోల్‌లోనే ఆ టిక్కు ఉంది. సిస్టమ్ మేనేజర్, అప్పు ఆమోదం, అకౌంట్స్ పాత్రలకి పెట్టాను. కౌంటర్‌కి పెట్టలేదు. దానికి బదులు, షాపు ఇంటర్నెట్‌కి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఉంది కాబట్టి, కౌంటర్ యూజర్లు ఆ ఐపీ నుంచే లోపలికి రాగలరు, అదీ షాపు వేళల్లోనే. యూజర్ రికార్డులోనే ఈ రెండింటికీ గడులున్నాయి. సీఏ గారి ఆఫీసుకి ఆడిటర్ పాత్ర ఇచ్చాం, చూడటమే తప్ప మార్చలేరు. పని లేని నెలల్లో ఆ లాగిన్ ఆపి ఉంచుతున్నాం.

మిగిలినవి: చిన్నాన్న వచ్చే నెల తిరుపతి, అక్కడి నుంచి చెన్నై వెళ్తున్నారు. ఆయన లేని రోజుల్లో నేనొక్కదాన్నే సిస్టమ్ మేనేజర్‌ని అవుతాను. ఆ కొద్ది రోజులకి అత్తయ్యకి రెండో లాగిన్ ఇచ్చి, ఆయన రాగానే తీసెయ్యాలి. తీసిన మెయిల్ నాన్నకి వెళ్లిందో లేదో ఆయన్నే అడగాలి. బ్యాంకు చెల్లింపులు ఇంకా ఒక్క అత్తయ్య ఫోన్ మీదే నడుస్తున్నాయి. ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి కరెంట్ ఖాతాకి పెట్టమని బ్యాంకుకి అర్జీ రాసిచ్చాం. ముగ్గురు భాగస్వాముల సంతకాలు కావాలన్నారు. నాన్న సంతకం ఈ ఉదయం అయింది, మిగతా రెండూ సోమవారం.